అమ్మ పెట్టించిన ప్రార్థన

కర్నూలులో డిగ్రీ మొదటి ఏడాది చేరిన కొద్ది వారాలకే నాకు నిద్ర పట్టడం మానేసింది. పుస్తకం తెరిస్తే ఒక్క ముక్క తలకెక్కేది కాదు. మెస్సులో కంచం ముందు కూర్చుంటే ఊరికే ఏడుపొచ్చేది. చివరికి కోడుమూరులో ఉన్న అమ్మకు ఫోన్ చేసి అంతా చెప్పాను. ఎవ్వరికీ చెప్పనని మాట తీసుకున్నాను. అమ్మ తిట్టలేదు, తీసిపారేయలేదు. ఆ రోజు కాస్త అన్నం తిన్నాను.

మా చర్చిలో ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరి కష్టం వాళ్లు లేచి చెప్పుకుంటారు, సంఘమంతా వాళ్ల కోసం ప్రార్థిస్తుంది. బోరు ఎండిందనో, ఆపరేషన్ ఉందనో చెప్పుకునే ఆ చోట అమ్మ లేచి, నా మనసు బాగాలేదని, రాత్రిళ్లు ఏడుస్తున్నానని చెప్పింది. అందరూ కళ్లు మూసుకున్నారు గానీ చెవులు మూసుకోలేదు. మా వీధి పిల్ల ఒకతి నా హాస్టల్లోనే ఉంది. సోమవారానికల్లా హాస్టలంతా తెలిసిపోయింది.

నేను గదిలోకి రాగానే మాటలు ఆగిపోయేవి. పక్క మంచం పిల్ల వాళ్లమ్మ వచ్చి వార్డెన్‌తో ఏదో మాట్లాడి వెళ్లింది. వార్డెన్ నా పెట్టె మోయించి, తన గది పక్కనున్న ఖాళీ గదిలో నన్నొక్కదాన్నే పడేసింది. నా మంచికేనట. ఒంటరిగా ఉండలేకే కదా నేను ఏడ్చింది!

అమ్మకు ఫోన్ చేసి నోటికొచ్చినట్టు అరిచాను.

"నేను యాడ చెప్పినా పాపా ఒకరికి? దేవుని ముందరే గదా చెప్పుకుంటి," అంది.

ఒళ్లు మండిపోయింది. అబద్ధమాడుతుంటే పోట్లాడేదాన్ని. ఆమె నిజంగానే అలా అనుకుంటోంది.

సెలవులకు వెళితే చర్చిలో నన్ను ముందుకు పిలిచారు. పెద్దలు నెత్తిన చేతులు పెట్టి ప్రార్థించారు. తర్వాత సాక్ష్యం చెప్పమన్నారు. అంటే, దేవుడు నన్ను బాగు చేశాడని అందరి ముందూ చెప్పాలి. ముందు వరసలో అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నన్నే చూస్తోంది. కాలేదంటే ఆమె విశ్వాసం చాలలేదంటారు. తిండి మానేసి ఉపవాసాలు ఉంటుంది. బాగైపోయింది అన్నాను. అందరూ స్తోత్రం అన్నారు. అమ్మ సంతోషంతో ఏడ్చింది.

ఇప్పుడు అమ్మ ఫోన్ చేస్తే తిన్నావా అంటుంది గానీ, నిద్ర పడుతోందా అని అడగదు. బాగైన పిల్లను ఎందుకడుగుతుంది? పట్టడం లేదని చెప్పుకోవడానికి నాకిక ఎవరూ మిగల్లేదు.