ల్యాప్‌టాప్ నాది, జవాబులు ఆయనకి

ఉప్పల్ మెట్రో స్టేషన్ దాటి సందులోకి తిరిగితే ఒక రిపేరు షాపు ఉంది. అక్కడ నేను అడిగిన ప్రతి ప్రశ్నకీ జవాబు మా ఆయనకి అందింది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ల్యాప్‌టాప్ నాది. బళ్ళో సోషల్ పాఠాలు చెప్పి రిటైరయ్యాక కొనుక్కున్నాను. నాచారంలో మా వెనక వీధిలో పదో తరగతి చదివే అమ్మాయి ఉంది. పుట్టుకతోనే చూపు లేదు. ఆ పిల్ల కోసం పాఠాలు చదివి, రికార్డు చేసి పంపుతుంటాను. మ్యాపులు వచ్చినచోట చచ్చేంత పని. గోదావరి ఎక్కడ పుట్టి, ఎటు మళ్ళి, ఎక్కడ ఏ నదిని కలుపుకుంటుందో బొమ్మ లేకుండా, మాటల్లోనే గీయాలి. పరీక్షలు దగ్గర పడ్డాయి. నదుల పాఠం పూర్తయింది, పంపడమే మిగిలింది. సరిగ్గా ఆ పొద్దున ల్యాప్‌టాప్ మొండికేసింది. ఆన్ చేస్తే కంపెనీ బొమ్మ వస్తుంది, ఆ వెంటనే నీలం రంగులో ఏదో సెట్టింగుల పేజీ తెరుచుకుంటుంది. అందులోంచి బయటికొస్తే మళ్ళీ అదే బొమ్మ, అదే పేజీ.

మా ఆయన రైల్వేలో చేసి రిటైరయ్యారు. కంప్యూటర్ అంటే ఆయనకి ఆమడ దూరం. బరువు మోయడానికి తోడొచ్చారంతే. షాపతను మూత తెరిచి, ఆన్ చేసి, ఒక్కసారి చూసి, తలెత్తి మా ఆయనతో అన్నాడు.

"మదర్‌బోర్డు పోయింది సార్."

"మదర్‌బోర్డు పోతే అసలు స్క్రీన్ మీద ఆ పేజీ ఎలా వస్తోంది?" అని నేనడిగాను.

"గదంతా లోపల మ్యాటర్, సార్. ఫార్మాట్ గూడ కొట్టాలె. డేటా ఉండదు, ముందే జెప్తున్న."

"బోర్డు పోతే ఫార్మాట్ ఎందుకు?" మళ్ళీ నేనే.

"మేడంకు మీరు జర సమజ్ చెయ్యున్రి, సార్."

మా ఆయన తలూపారు! ఏం అర్థమైందని ఊపారో ఆ దేవుడికే తెలియాలి. "సరే బాబూ, ఒకసారి విప్పి చూడు," అని అక్కడే వదిలి వచ్చాం. మర్నాడు వెళితే అదే మాట, మా ఆయనకే. కొత్తది కొనుక్కోవడం మేలని ఒక సలహా కూడా. నేను ల్యాప్‌టాప్ లాక్కున్నట్టే తీసుకుని వచ్చేశాను. ఇంటికొచ్చి తిరగేసి చూస్తే అడుగున రెండు స్క్రూలు లేవు.

"మీరెందుకు తలూపారండీ?"

"అతను నా వైపు చూసి చెబుతుంటే గోడలా ఎలా నిలబడను?"

ఆ మధ్యాహ్నం అమ్మాయి ఫోన్ చేసింది. "టీచర్, నదుల పాఠం ఎప్పుడు పంపిస్తరు?" జరిగిందంతా చెప్పాను. సముదాయిస్తుందేమో అనుకున్నాను. ఆ పిల్ల నవ్వింది.

"నాతోటి గూడ గట్లనే టీచర్. చెప్పుల షాపుకు పోతే అమ్మనే అడుగుతరు, ఈ పిల్ల సైజు ఎంతని. నాకు చూపు లేదు గాని నోరుంది గద! కాళ్ళు నాయే గద!"

ఆ పిల్లకి ఇది రోజూ ఉండేదే. నాకు రెండు రోజులకే ఇంత మంట.

ల్యాప్‌టాప్ భోజనాల బల్ల మీద పెట్టి మళ్ళీ ఆన్ చేశాను. ఈసారి కంగారు పడకుండా, పిల్లల జవాబు పత్రం దిద్దినట్టు, కనిపించిన ప్రతి అక్షరం చదివాను. కంపెనీ బొమ్మ కింద సన్నటి అక్షరాల్లో ఒక వాక్యం మెరిసి మాయమైంది. అది చదవడానికి మళ్ళీ మళ్ళీ ఆన్ చేయాల్సి వచ్చింది. సెట్టింగులు కావాలంటే ఎఫ్ టూ నొక్కండి అని ఉంది. నేను నొక్కడం లేదు కదా, మరి ఎవరు నొక్కుతున్నారు?

పై వరస కీల మీద వేలితో మెల్లగా నడిచాను. అన్నీ నొక్కితే దిగి, వదిలితే లేస్తున్నాయి. ఎఫ్ టూ ఒక్కటీ దిగి ఉండిపోయింది. తలపిన్ను అంచుతో జాగ్రత్తగా పైకి లేపాను. కింద సందులో ఇరుక్కుని సకినం ముక్క, నువ్వుగింజతో సహా. ఇంటి ఓనరమ్మ పంపిన సకినాలు తింటూ పాఠం రికార్డు చేసింది నేనే మరి. ముక్క తీసి, కీ మళ్ళీ నొక్కి కూర్చోబెట్టి ఆన్ చేశాను. సెట్టింగుల పేజీ రాలేదు. నా ఫైళ్ళన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. వెంటనే నదుల పాఠం పంపేశాను.

"బాగైపోయింది కదా, ఇక వదిలెయ్యి," అన్నారు మా ఆయన.

వదల్లేదు. మర్నాడు ఒక్కదాన్నే ఆటో ఎక్కి షాపుకి వెళ్ళాను.

"సార్ రాలే, మేడం?"

"సార్‌కి దీంతో పనేముంది?" అని ల్యాప్‌టాప్ కౌంటర్ మీద పెట్టి ఆన్ చేశాను.

అతను బిత్తరపోయి చూశాడు. "ఎవరు జేసిన్రు?"

"నేనే."

"మస్తు లక్కు మేడం. ఒక్కోసారి దానంతట అదే అయితది."

"దానంతటదే కాలేదు బాబూ. కీ ఇరుక్కుపోయింది. నువ్వు కీబోర్డు మీద ఒక్క వేలైనా పెట్టావా? పెట్టకుండా మదర్‌బోర్డు అని ఎలా అన్నావు? డేటా పోతుందని ఎలా చెప్పావు? నేనడిగితే నాకెందుకు జవాబివ్వలేదు?"

నా గొంతు బాగానే లేచినట్టుంది. పక్కన స్టూలు మీద కూర్చున్నామె లేచి వచ్చింది. మల్లాపూర్‌లో టైలరింగ్ షాపట, డిజైన్లు చూసుకునే ల్యాప్‌టాప్ ఇచ్చిందట. "మేడం, నాది గూడ మదర్‌బోర్డే అన్నడు," అంది.

"అయితే మీ ముందే విప్పి చూపించమనండి," అని నేనూ అక్కడే నిలబడ్డాను. ముందు నా స్క్రూలు బిగించమన్నాను. సొరుగులో వెతికి బిగించాడు. తర్వాత ఆమెది విప్పాడు. లోపల ఒకచోట నల్లగా కమిలిపోయి ఉంది. లైటు దగ్గరికి జరిపి, వేలు పెట్టి చూపించాడు. కరెంటు ఎటు నుంచి వస్తుందో, ఎక్కడ ఆగిపోయిందో, డిజైన్లు వేరే డిస్కులోకి ఎలా తీయొచ్చో అన్నీ ఆమె ముఖం చూసి, ఆమెకే చెప్పాడు. ఆమెకి అర్థమైంది. నాకూ అర్థమైంది. ఆమెది నిజంగానే పోయింది.

తిరిగొస్తుంటే ఆటోలో కూడా నా కోపం చల్లారలేదు. ఇంత చక్కగా చెప్పడం వచ్చినవాడు మొదటి రోజు నాకెందుకు చెప్పలేదు?