ఎనభై జనవరి ఒకటి

తప్పు తారీఖుతో ఈమెయిల్ వస్తే మా ఇంట్లో నవ్వుకుంటారు, పంపినవాళ్ళ కంప్యూటర్లో గడియారం తప్పి ఉంటుందిలే అని. నాకు నవ్వు రాదు.

ఎనభైల మధ్యలో యానాం నుంచి పాండిచ్చేరి వచ్చి, సేదరపేట్‌లో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో టైపిస్టుగా చేరాను. కొన్నాళ్ళకు అక్కడికి కంప్యూటర్ వచ్చింది. స్విచ్ వేసినప్పుడల్లా ఆ రోజు తారీఖు అడిగేది. చెప్పకపోయినా పని సాగుతోందని కనిపెట్టి, ఒక మీట నొక్కి దాటేసేదాన్ని.

ప్యాకింగ్‌లో పనిచేసే, ఏంబలం ఊరి అమ్మాయికి ఆసుపత్రిలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ వచ్చింది. వాళ్ళు తరతరాలుగా అక్కడే ఉన్న తెలుగువాళ్ళు. అనుభవం సర్టిఫికెట్ నేనే కొట్టి, మేనేజరుతో సంతకం పెట్టించి ఇచ్చాను.

ఇంటర్వ్యూ రోజు పదకొండింటికి ఫోను చేసింది.

"దొంగ కాగితం అంటాండారక్కా. పోలీసుకు రాస్తారంట. నేనేం జేసినాను? ఇప్పుడు యాడికి పోయేది?"

నకలు తీసి చూశాను. ఎనభై నాలుగులో చేరిందని రాసిన కాగితం మీద తారీఖు ఎనభై జనవరి ఒకటి. అప్పటికి ఆ పిల్లకు పదమూడేళ్ళు. చెప్పకపోతే ఆ కంప్యూటర్ తనంతట తాను ప్రతి కాగితం మీదా ఆ రోజే వేస్తుందని నాకప్పుడే తెలిసింది. మధ్యాహ్నం మూడింటిలోగా సరైనది తెస్తే చూస్తామన్నారట.

కరెంటు లేదు. టైపు మిషన్ రిపేరుకు పోయింది. ఒంటిగంటన్నరకు కరెంటు వచ్చింది. తారీఖు అడగగానే వేలు అలవాటుగా ఆ మీట మీదికే పోయింది. చెయ్యి వెనక్కి లాక్కుని, ఒక్కొక్క అంకె చూసి కొట్టాను.

సంతకానికి వెళ్ళి మేనేజరుకు ఉన్నదంతా చెప్పాను. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నారు.

"ఇలాంటివి ఎన్ని పోయాయమ్మా?"

"తెలీదు సార్."

ఆయన కొత్తదాని మీద సంతకం పెట్టి, నన్నే ఆసుపత్రికి వెళ్ళి చెప్పమన్నారు.

మూడుకు పది నిమిషాలుందనగా చేరాను. ఆ అమ్మాయి గోడకు ఆనుకుని నిలబడి ఉంది, ఏడ్చి ఏడ్చి మొహం వాచింది. జరిగింది చెబితే, మిషన్ అబద్ధం చెబుతుందా అని ఆసుపత్రి ఆఫీసరు తమిళంలో అడిగారు. అది నన్ను అడిగిందనీ, నేనే చెప్పలేదనీ, తప్పు నాదనీ వచ్చీరాని తమిళంలో చెప్పాను. ఆయన మేనేజరుకు ఫోను చేసి కనుక్కుని, ఆమెను లోపలికి పిలిచారు.

ఆమెకు ఉద్యోగం వచ్చింది. నన్నూ తీసేయలేదు. కానీ ఆ సాయంత్రం బస్సులో నా పక్కన ఆ అమ్మాయి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తన స్టాపు వచ్చినప్పుడు "వస్తానక్కా" అని మాత్రం అని దిగిపోయింది. ఆ వారమంతా నేను ఫైళ్ళు తిరగేసి, తప్పు తారీఖుతో పోయిన ఉత్తరాలు వెతికాను.