పడ్డాక కుశలప్రశ్న

మా అత్తగారికి కళ్ళు తిరగడం మొదలైనప్పుడు మాకు రెండే దారులు కనిపించాయి: పగలంతా తోడుండే ఆయా, లేకపోతే చేతికి వాచీ. నేను అమలాపురంలోని ఓ కాలేజీలో కామర్స్ చెబుతాను. మా వారిది మలికిపురంలో బ్యాంకు ఉద్యోగం. పొద్దున్నే ఇద్దరం బయటపడితే ఇంట్లో మిగిలేది ఆవిడా, ఆవిడ పెరడూ. ఆ పెరట్లో ఎవరి కాపలా లేకుండా తన ఇష్టమొచ్చినట్టు తిరగడమే ఆవిడకు కావలసింది. అంతకుమించి మమ్మల్ని ఎన్నడూ ఏమీ కోరలేదు.

ముందు ఆయాను పెట్టాం. వారం తిరక్కుండానే సంగతి తేలిపోయింది. మా అత్తగారు వేదం చెప్పుకునే ఇంట పుట్టి, అలాంటి ఇంటికే కోడలుగా వచ్చిన మనిషి. గుమ్మంలోకి వచ్చినవాళ్ళకి మర్యాద చెయ్యకుండా కూర్చోవడం ఆవిడకు చేతకాదు. ఆయాకు రాగానే కాఫీ, కాసేపటికి మజ్జిగ, మధ్యాహ్నం కొసరి కొసరి వడ్డన. ఆయా ఫ్యాను కింద పడక్కుర్చీలో, ఈవిడ వంటింట్లో పొయ్యి దగ్గర. ఒకరోజు నేను ఇంటికి వచ్చేసరికి ఆయాకు తలనొప్పిగా ఉందని ఈవిడ శొంఠి అరగదీస్తోంది. జీతమిచ్చి మరీ అతిథిని తెచ్చుకున్నామని అర్థమై ఆయాను మానిపించేశాం.

అప్పుడు వాచీ వచ్చింది. హైదరాబాదులో ఓ చిన్న కంపెనీ పెద్దవాళ్ళ కోసం దాన్ని తయారుచేసి, అమ్మకానికి పెట్టేముందు కొన్ని ఇళ్ళలో వాడించి చూస్తోంది. తెలిసినవాళ్ళ ద్వారా మా ఇల్లూ అందులో చేరింది. మనిషి పడితే ఆ వాచీకి తెలుస్తుంది. తెలియగానే తెలుగులో పలకరిస్తుంది. బాగాలేదన్నా, జవాబు రాకపోయినా మాకు ఫోన్ చేస్తుంది. బాగున్నానంటే ఊరుకుంటుంది. దాన్ని డిజైన్ చేసిన అమ్మాయే స్వయంగా వచ్చి ఆవిడ చేతికి కట్టింది. గోదావరి జిల్లాల మాట అర్థమయ్యేలా దానికి నెలల తరబడి నేర్పారట. మనం ఆయ్ అంటే అవునని దానికి తెలుసునట. ఆ ముక్క చెబుతున్నప్పుడు ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. నిజంగా గొప్ప సంగతే. బయటినుంచి మా కాలేజీకి వచ్చిన ఒక ప్రిన్సిపాలుకు ఆ ఆయ్ సంగతి తెలియడానికి చాలా కాలం పట్టింది.

కొన్నాళ్ళకు వాడకం ఎలా ఉందో తెలుసుకోవడానికి ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. ఇబ్బందులు దాచకుండా చెప్పమని బతిమాలింది. మా అత్తగారు పనసపొట్టు కూర వండిపెట్టి, బొండం కొట్టించి, ఇలాంటి వాచీ ఎక్కడా ఉండదని చెప్పింది. నిజానికి పట్టీ ఒరుసుకుని ఆవిడ మణికట్టు ఎర్రగా కందిపోయింది. అందుకని చేతిరుమాలు మడిచి చుట్టుకుని దానిమీద వాచీ కట్టుకునేది. నాడి అందక, వాచీ లెక్క ప్రకారం ఆవిడ చాలా రోజులపాటు బతికే లేదు. ఆ మాట నేను ఎత్తబోతే కళ్ళతోనే ఆపేసింది. అమ్మాయి వెళ్ళాక ఎందుకలా చెప్పారని అడిగాను. అంత దూరం నుంచి వచ్చిన పిల్ల కష్టపడి చేసుకున్న వస్తువుకు వంకలు పెడతామా అని నన్నే కోప్పడింది. మిగతా ఇళ్ళలోనూ అందరూ అలాగే మెచ్చుకున్నారట. కోనసీమలో తన వాచీకి తిరుగులేదనుకుని ఆ పిల్ల సంతోషంగా బస్సెక్కింది.

వానలు తెరిపిచ్చిన ఒక రోజు సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి పిలిస్తే ఆవిడ పలకలేదు. పెరట్లోకి వెళ్ళాను. పాచిపట్టిన గచ్చు మీద, కొబ్బరి మట్టల పక్కన ఒరిగి ఉంది. ఎండ కొట్టకుండా మొహం మీదికి కొంగు లాక్కుంది. పరుగున వెళ్ళి లేపబోయాను. ఇప్పుడే పడ్డానని, కంగారు పడొద్దని నాకే ధైర్యం చెప్పింది. ఆరెయ్యడానికి తెచ్చుకున్న తడిబట్టలు మాత్రం, పడ్డచోట పడ్డట్టే, పూర్తిగా ఎండిపోయి ఉన్నాయి.

తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రి వరండాలో నిలబడి డిజైన్ చేసిన అమ్మాయికి ఫోన్ చేసి, నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ పిల్ల ఏడుస్తూనే తన కంప్యూటర్లో చూసి చెప్పింది. వాచీ తప్పేమీ లేదు. పడిన సంగతి కనిపెట్టింది, అడిగింది, విన్నది, సరిగ్గానే అర్థం చేసుకుంది. ఫోన్ పెట్టేసి మంచం దగ్గరికి వెళ్ళి మా అత్తగారిని అడిగాను.

"అడిగిందమ్మా, పాపం," అంది. "బాగున్నారా అండీ అంది. ఆయ్, బాగున్నానండీ, మీరు బాగున్నారా అన్నాను. మరి మాట్టాడలేదు."

"ఎముక విరిగి పడి ఉండి, బాగున్నానని ఎలా చెప్పేరు అత్తయ్యగారూ?"

"ఎవరో ఏవిటో తెలీదు. అడగ్గానే మన గొడవ చెప్పేస్తావా?"

ఇంతలో డాక్టరు వచ్చి నొప్పి ఎలా ఉందన్నారు. ఫర్వాలేదండీ అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ నొప్పికి ఆవిడ పిడికిట్లో దుప్పటి నలిగిపోతోంది.

ఆపరేషన్ అయి, వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేయగలిగాక, ఇక ఆయా తప్పదని మా వారు తేల్చేశారు. ఆవిడ పెరటి తలుపుకేసి ఒకసారి చూసింది. ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను. ఇంకొక్కసారి వాచీతో చూద్దామని పట్టుబట్టాను.

డిజైన్ అమ్మాయి ఈసారి పంతంగా పనిచేసింది. అడిగితే కదా మర్యాద! కొత్త వాచీ అసలు అడగదు. పడినట్టు అనిపిస్తే చాలు, మా ఇద్దరికీ, పక్కింటివారికీ, అంబులెన్సుకూ ఒకేసారి ఫోన్లు వెళ్ళిపోతాయి. అది కట్టిన కొద్దిరోజులకే ఆవిడ పట్టుతప్పి మంచం మీద దబ్బున కూలబడింది. అంతే. మా వారు కౌంటరు వదిలేసి వచ్చారు. నేను పాఠం మధ్యలో వచ్చాను. పక్కింటావిడ తలంటు మధ్యలో, కుంకుడు నురగతో వచ్చేసింది. అంబులెన్సు వీధిలో కూతపెట్టింది. మా అత్తగారు సిగ్గుతో చచ్చిపోయి, వచ్చినవాళ్ళందరికీ కాఫీలు కలపమని నన్ను వంటింట్లోకి తరిమింది. మర్నాడు వాచీ బియ్యం డబ్బాలో దొరికింది.

"నామీద చాడీలు చెప్పేదాన్ని నా చేతికే కట్టుకోమంటావా?" అంది.

డిజైన్ అమ్మాయికి వీడియో కాల్ చేశాను. మర్యాదగా అడిగే వాచీకి ఈవిడ నిజం చెప్పదు, మర్యాద లేని వాచీని ఈవిడ కట్టుకోదు. మనుషుల కోసం చేస్తున్నామంటున్నారు కదా, ఈ మనిషికి ఏం చేస్తారో చెప్పమన్నాను. మంచం మీంచి మా అత్తగారు ఫోన్ ఇటివ్వమంది.

"తల్లీ, దాన్ని నాతో మాట్టాడొద్దని చెప్పు. ఊరందరికీ చెప్పొద్దు, మా అబ్బాయికీ వద్దు, కంగారు మనిషి. మా కోడలికొక్కదానికే చెప్పమను. దానికైతే ఫర్వాలేదు."

జన్మలో ఎవరికీ శ్రమ ఇవ్వని మనిషి. నాకు శ్రమ ఇవ్వొచ్చని ఎప్పుడు నిర్ణయించుకుందో నాకు తెలియనే తెలియదు. ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను అంతకంటే దగ్గరికి తీసుకున్న క్షణం లేదు.

ఒక్క నంబరు సరిపోదని డిజైన్ అమ్మాయి నచ్చజెప్పబోయింది. మీ కోడలుగారు క్లాసులో ఉండి ఫోన్ తియ్యకపోతే ఎలా అని అడిగింది.

"క్లాసులో ఉంటే అయ్యేదాకా ఆగుతాను. దానికేవుంది," అంది మా అత్తగారు.

మా కాలేజీలో క్లాసులోకి ఫోన్లు తేకూడదు. పిల్లల దగ్గర ఫోన్లు లాక్కోవడంలో నాకు పెద్ద పేరే ఉంది. ఇప్పుడు నా ఫోన్ బల్లమీద, అందరికీ కనబడేలా, రింగు మోత పూర్తిగా పెంచి ఉంటుంది. అడిగిన పిల్లలకు ఎందుకో చెప్పాను. వాళ్ళు కూడా పాఠం వింటూ దానికేసి చూస్తుంటారు.