హారతి లేని మెరవణి

ఒకప్పుడు ప్రొద్దుటూరులో పెండ్లి మెరవణి అంటే ముందు నబీ రసూల్ ట్రంపెట్ వినిపించాల్సిందే. ఇప్పుడు పెండ్లిండ్లన్నీ డీజే బండ్ల వెంట పోతున్నాయి. అందుకే ఆడపిల్లల హైస్కూలు పెద్దటీచరు కామాక్షమ్మ పిలిచి పిల్లలకు బ్యాండు నేర్పమంటే, ఆయనకు పోయిన ఊపిరి తిరిగొచ్చినట్టయింది. జమ్మలమడుగులో ఆటల పోటీలు మొదలయ్యే రోజున పిల్లలు బాగా వాయిస్తే ఇక ఆయన్నే మాస్టరుగా ఉంచుకుంటానందామె.

పిల్లలు చురుకైనవాళ్లు. కవాతు పాట శనక్కాయలు ఒలిచినంత సులువుగా పట్టేశారు. చిక్కల్లా ఆపడం దగ్గరే వచ్చింది. క్లారినెట్లు ఆగితే ట్రంపెట్లు ఆగవు. అవీ ఆగినాక పావని తాళాలు ఒంటరిగా ఝల్లుమంటాయి. రసూల్ చెయ్యి ఊపి చూశాడు, కాలు నేలకేసి తట్టి చూశాడు. అంతలోనే తనకు తెలియకుండా పాట మళ్లీ మొదటినుంచి ఎత్తుకునేవాడు. పిల్లలు గొర్రెల మాదిరి వెంటపడేవారు. మధ్యాహ్న భోజనం వండే వెంకటరమణమ్మ, ఈ పాటకు మొదలే గాని తుది లేదని, తన పప్పు మాడిపోతున్నా అది ఆగదని దెప్పింది.

పెద్ద డ్రమ్ము వాయించే చందన ఉండబట్టలేక అడిగింది. "సార్, పెండ్లిలో మీరు యాడ ఆపుతాంటిరి?"

రసూల్ ట్రంపెట్ తుడుచుకుంటూ చెప్పాడు.

"నేను ఆపింది ల్యా పాపా. మా అన్న అలీ అహ్మద్ పెద్ద డ్రమ్ముతో ముందర పోతాండె. వాకిట్లో ఆడోళ్లు హారతి పళ్లెం ఎత్తంగానే రెండు దెబ్బలు ఏస్తాండె. అందరం నిలబడిపోతాంటిమి."

అన్న పోయి ఏడాది దాటింది. చందన మెడలో వేలాడుతున్నది ఆయన డ్రమ్మే.

"అయితే నాకు హారతి పళ్లెం యాడుండాది సార్?" అంది చందన. అందరూ నవ్వారు. ముందు వరసలో ఉన్న పావని మాత్రం నవ్వలేదు. తన ఇత్తడి తాళాల్లో ఒకదాన్ని చంకలో పెట్టుకొని, రెండోదాన్ని పళ్లెంలాగా తలపైకి ఎత్తింది.

"ఈడుండాది మే."

చందన రెండు దెబ్బలు వేసింది. బ్యాండంతా ఒక్కసారిగా ఆగింది. వంటింట్లోంచి వెంకటరమణమ్మ తొంగిచూసింది, ఏమైందోనని.

పోటీల రోజు జమ్మలమడుగులో ముఖ్య అతిథి రావడం ఆలస్యమైంది. తక్కిన బళ్ల బ్యాండ్లు పాట ముగించి చెమటలు తుడుచుకుంటుంటే, ప్రొద్దుటూరు పిల్లలు మళ్లీ మొదటికెత్తుకున్నారు. ఆగకపోవడం వాళ్లకు చేతనైన పనే గదా. మైదానం చుట్టూ కట్టిన తాడు అవతల నిలబడిన రసూల్ మాత్రం చందన డ్రమ్ము మీదనుంచి చూపు తిప్పలేదు. మొదలుపెట్టినంత బాగా ఆపుతారా? అతిథి కారు దిగాడు. పావని తాళం ఎండలో తళుక్కుమంది. రెండు దెబ్బలు. మైదానమంతా నిశ్శబ్దం. రోడ్డు మీద పోయే బస్సు హారను ఒక్కటే వినబడింది. రసూల్ కాళ్లు కూడా దగ్గరికి చేరి నిలబడిపోయాయి, మెరవణిలో మాదిరే.

సోమవారం నుంచి రోజూ రమ్మని కామాక్షమ్మ చెప్పింది. ఆయన సరేనని తలూపి, చందన మెడలోంచి డ్రమ్ము దింపుకున్నాడు.

"రెండో దెబ్బ శానా నిదానంగా ఏసినావు పాపా. మా అన్నయితే గబుక్కున ఏస్తాండె."

"ఎందుకు సార్?"

"హారతి అయిపోతే లడ్లు పెడతారు గదా."