తొక్కలు కడిగిన నీళ్ళు

వీధిలో ఆ కోడలి గురించి ఒక మాట షికారు చేసింది. జ్యూస్ ఫ్యాక్టరీ నుంచి నారింజ తొక్కలు సంచిలో మోసుకొచ్చి, ముసలి అత్తకు అవే ఉడికించి పెడుతోందట. "పశువులకు వేసేది మనిషికి పెట్టడానికి చేతులెలా వచ్చాయమ్మా!" అని కుళాయి దగ్గర బుగ్గలు నొక్కుకున్నారు. సంచి నిజమే, తొక్కలూ నిజమే. ఆ కథలో నిజం అక్కడితో అయిపోయింది.

కోడలు ఎనిమిదేళ్ళు ఆ ఫ్యాక్టరీలో సీసాలు కడిగింది. కిందటేడు ల్యాబ్ మేడమ్ ఆమెనూ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళనూ వెనక గదికి పిలిపించుకుంది. రసం పిండాక మిగిలిన తొక్కల్ని కడిగి, ఆరబెట్టి, పొడి కొట్టి, తిండిలో కలిపే పీచుగా అమ్మాలని మేడమ్ పట్టుదల. బిస్కెట్లు చేసేవాళ్ళు ఒక్కటే షరతు పెట్టారు: చెంచాడు పొడి నీళ్ళలో వేస్తే సగం గ్లాసు దాకా ఉబ్బాలి. రెండుసార్లు పంపారు. రెండుసార్లూ అది అడుగున ఇసుకలా కూర్చుంది. మూడోసారీ తప్పితే గదికి తాళమే, ముగ్గురూ ఇంటికే.

కడగడంలో మాత్రం కోడలికి వంక పెట్టడానికి లేదు. సీసాలు కడిగిన చేయి కదా! మరిగే నీళ్ళతో, తేటగా వచ్చేదాకా, ఆరేడుసార్లు కడిగేది. అయినా ఎక్కడ తప్పుతోందో అంతుపట్టక, మేడమ్‌ని అడిగి ఒక సంచెడు తొక్కలు ఇంటికి తెచ్చుకుంది.

పెరట్లో బకెట్లు పెట్టుకుని కడుగుతుంటే అత్త వచ్చి పక్కన కూలబడింది. ముప్పై ఏళ్ళు లాండ్రీలో బట్టలకు గంజి పెట్టిన మనిషి. చూపు మందగించింది కానీ వేళ్ళు మందగించలేదు.

"ఏం కడుగుతున్నావే ఇంతసేపు? తొక్కలా, చేసిన పాపాలా?"

"మురికి పోవద్దూ అత్తా?"

అత్త పారబోయబోతున్న నీళ్ళలో చెయ్యి ముంచింది. రెండు వేళ్ళు కలిపి, మెల్లగా విడదీసింది.

"ఇది మురికా? పిచ్చిమొహమా, జిగురే ఇది! గంజిలా ఎలా సాగుతోందో చూడు. ఉబ్బేదాన్నంతా కాలువలో పోసి, ఉబ్బట్లేదని ఏడుస్తావా?"

"మరి చేదు పోవాలిగా?"

"దానికి చన్నీళ్ళు చాలవూ? అలా మరిగే నీళ్ళు పోస్తే లోపలి సారమంతా దిగిపోదూ?"

కోడలు తువ్వాలు తెచ్చి ఆ ముడతల చేతుల్ని వేలు వేలునా తుడిచింది.

మర్నాడు సంగతి విని మేడమ్ కడిగిన నీళ్ళలో తనూ వేళ్ళు ముంచి సాగదీసింది. "నీళ్ళలో కరిగే పీచు! అన్నేళ్ళు చదివి కూడా, నువ్వు కడిగిన నీళ్ళు ఒక్కసారి ముట్టుకు చూడలేదు నేను" అంది. ఈసారి చన్నీళ్ళతో, గబగబా రెండే రెండు కడుగులు. సన్నటి సెగ మీద ఆరబెట్టారు. పొడి గ్లాసులో సగం దాటి ఉబ్బింది. ముగ్గురు ఆడవాళ్ళూ ఒకళ్ళ భుజాలొకళ్ళు పట్టుకుని నవ్వారు.

"మీ అత్తగారికి నా నమస్కారం చెప్పు" అంది మేడమ్.

కోడలు ఇంటికొచ్చి చెప్పింది.

"నమస్కారాలు ఏం చేసుకోను? నడుముకు ఆనుకునే కుర్చీ ఒకటి వేస్తే, నేనే వచ్చి చూస్తానని చెప్పు."

ఇప్పుడు సంచి ఇంటికి రావడం లేదు. "చూశావా, ఆ తొక్కలు కూడా పెట్టడం మానేసింది!" అంటున్నారు కుళాయి దగ్గర. వారానికి రెండు రోజులు అత్త ఆ వెనక గదిలో కుర్చీలో కూర్చుని, కడిగిన నీళ్ళు వేళ్ళ మధ్య సాగదీసి చూస్తుంది. ఆవిడ "ఇక చాలు" అన్నాకే తొక్కలు పొయ్యి దగ్గరికి వెళ్తాయి.