చెరువు మధ్య నుంచి మూడు దెబ్బలు

మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగిన యాదగిరిని మా అక్క చొక్కా పట్టుకుని వెనక్కి గుంజింది. ఇద్దరూ గట్టు మీద పడ్డారు. యాదగిరి వేయబోయిన నాలుగో అడుగు దగ్గర నీళ్లు కదిలి, మొసలి తల పైకి లేచింది.

నేను ముప్పయ్యేళ్లుగా విలేకరిని. దయ్యముందన్న ఇళ్లకు వెళ్లి, అది మనుషుల పనేనని రాసి వచ్చినవాణ్ని. ఆ అభిప్రాయం ఇప్పటికీ మారలేదు. అందుకే చూసింది, విన్నది మాత్రమే చెబుతాను.

అక్క లచ్చమ్మ శామీర్‌పేట దగ్గరి ఓ చెరువులో చేపలు పడుతుంది. ఆ జట్టులో ఆమె ఒక్కతే ఆడమనిషి. బావ రాజయ్య రెండేళ్ల కిందట జ్వరంతో పోయాక ఆయన పని తను అందుకుంది. యాదగిరి ఆమె మరిది.

నీళ్లలో ప్రమాదం కనిపిస్తే తెప్ప మీదున్నవాళ్లు తెడ్డుతో నీళ్లను మూడుసార్లు కొడతారు. బయటికి రమ్మని దానర్థం. అందరూ వరసగా కొడితే, రాజయ్య మాత్రం రెండు కొట్టి, ఆగి, మూడోది కొట్టేవాడు. చెరువులో అది ఆయనొక్కడి అలవాటు.

ఆ పొద్దున తూంకుంట నుంచి చేపల కోసం వెళ్లాను. బాగా తెల్లవారింది. ముందురోజు వేసిన వల గట్టుకు దగ్గర్లోనే చిక్కుకుంది. యాదగిరి విడిపించడానికి దిగుతుండగా చెరువు మధ్య నుంచి రెండు దెబ్బలు వినిపించాయి. ఆగి, ఇంకొకటి. నేనూ విన్నాను.

"దిగకు. మీ అన్న రమ్మంటుండు," అంది అక్క.

"బతికున్నప్పుడు పొద్దుగాల లేవనోడు, ఇప్పుడొచ్చిండా వదినె?" అని నవ్వి యాదగిరి ఇంకో అడుగు వేశాడు. అక్క నీళ్లలోకి నడిచింది.

అటవీ సిబ్బంది మొసలిని పట్టుకెళ్లారు. వార్త నేనే రాశాను. దెబ్బల సంగతి రాయలేదు కానీ, అక్క పేరు మొదటి వాక్యంలోనే పెట్టాను. ఇన్నేళ్లలో ఇంటిమనిషి పేరు రాసింది ఆ ఒక్కసారే. ఆ వార్త కత్తిరించుకున్న కాగితం ముక్క ఇప్పటికీ నా జేబులో ఉంటుంది.

ఇప్పుడు జట్టంతా గట్టు మీద ఆగి అక్క వైపు చూస్తుంది. "దిగాల్నా వదినె?" అని ముందుగా అడిగేది యాదగిరే.

మొసలి తోకతో కొట్టి ఉంటుందని కొందరన్నారు. మొసలి ఉన్నది గట్టు పక్కన, వల దగ్గర. చప్పుడు వచ్చింది చెరువు నడుమ నుంచి. ఆ పొద్దున జట్టుకున్న నాలుగు తెప్పలూ గట్టు మీదే బోర్లించి ఉన్నాయి.