ఒకటే వైరు, రెండు బ్రేకు లైట్లు

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఎవరైనా అలాంటి ముచ్చట మొదలుపెడితే టీ తాగే వంకతో లేచి వెళ్ళిపోయే రకం నేను. గోదావరిఖనిలో బొగ్గు బాయి వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాను. కరెంటు ఎక్కడి నుంచో వస్తేనే బల్బు వెలుగుతుందని నమ్మేవాణ్ణి. ఇప్పటికీ అదే నమ్ముతున్నాను. అందుకే ఈ సంగతి చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టింది.

అప్పటికి తెలంగాణ ఇంకా రాలేదు. మా బాపు బాయి లోపల పనిచేసి రిటైరైన మనిషి. ఊపిరితిత్తులు చెడిపోయి ఛాతీలో నీరు చేరేది. వారం వారం కరీంనగర్ తీసుకెళ్తే దవాఖానలో సూది గుచ్చి తీసేవాళ్ళు. గనిలో పైకప్పు కూలితే పక్కవాణ్ణి భుజాన వేసుకుని బయటికి తెచ్చిన మనిషి, ఆ సూదికి చిన్నపిల్లాడిలా ఏడ్చేవాడు. నీరు తీయకపోతే ఊపిరాడదు, తీసినా ఎన్నాళ్ళో చెప్పలేమని డాక్టరు అన్నాడు.

"ఇగ చాలు బిడ్డ" అనేవాడు బాపు. కొడుకన్నవాడు ఆ మాట ఎలా వింటాడు? వినలేదు.

ఆయన్ని తిప్పడానికే ఒక పాత చిన్న కారు కొన్నాను. దాని బ్రేకు లైట్లు నన్ను పీక్కుతిన్నాయి. కరీంనగర్ పోతున్నప్పుడు వెనక బండ్లవాళ్ళు హారన్ కొట్టి, పక్కకు వచ్చి, "బ్రేకు లైట్లు వెలుగుతనే ఉన్నయ్ అన్నా" అని చెప్పిపోయేవాళ్ళు. నా కాలు పెడల్ మీద ఉండేది కాదు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు.

చేయాల్సినవన్నీ చేశాను. పెడల్ దగ్గరి స్విచ్చు మార్చాను. ఆ స్విచ్చును నొక్కిపెట్టే రబ్బరు ముక్క అరిగితే లైట్లు ఆరవు, అదీ మార్చాను. బల్బులు, హోల్డర్లు, ఫ్యూజు, ఎర్తు, అన్నీ చూశాను. మా వీధిలో ఖాళీ కారు ఎంత తిప్పినా ఏ లోపమూ లేదు. వర్క్‌షాపులో నవ్వేవాళ్ళు. "ఇంతింత మోటార్లు బాగుచేసేటోనివి, గంత చిన్న లైటు చాతకాదా?" అని. నాకు నవ్వే ఓపిక లేదు. డ్యూటీ, దవాఖాన, కారు కింద పడుకోవడం, మళ్ళీ డ్యూటీ. ఆ రోజుల్లో నిలబడే నిద్రపోయేవాణ్ణి.

ఒక్క సంగతి చెప్పాలి. స్విచ్చు నుంచి ఒకటే వైరు వెనక్కి పోతుంది. డిక్కీలో రెండుగా చీలి రెండు బల్బులకు అందుతుంది. వెలిగితే రెండూ కలిసి వెలగాలి, ఆరితే రెండూ కలిసి ఆరాలి.

ఆ రోజు పొద్దున ముసురు పట్టింది. వెనక సీట్లో అమ్మ, ఆమె భుజం మీద తల వాల్చి బాపు. మా బావ, అంటే అక్క భర్త, మోటర్‌సైకిల్ మీద మా వెనకే వస్తున్నాడు. ఆయనది బాయి లోపలి పని. మేము దవాఖాన చేరాక రెండో షిఫ్టుకు తిరిగి వెళ్ళాలి.

బసంత్‌నగర్ దాటాక బావ హారన్ కొట్టుకుంటూ నా కిటికీ పక్కకు వచ్చాడు.

"ఏంది బామ్మర్ది, ఆగుమంటున్నవ్?"

నేనేమీ అనలేదు, బ్రేకు కూడా తొక్కలేదు. అయినా పక్కకు తీసి ఆపి, ఇంజను ఆపేసి దిగాను.

"లైటు అటు ఇటు ఊపుతున్నవ్ గద. బాయిల ఆగుమన్నట్టు" అన్నాడు బావ.

బాయి లోపల మిషన్ల చప్పుడుకు అరిచినా వినపడదు. అక్కడ టోపీ లైటుతోనే మాట్లాడుకుంటారు. తల నెమ్మదిగా ఎడమకూ కుడికీ ఆడిస్తే లైటు ఊగుతుంది. దూరాన ఉన్నవాడికి అది "ఆగు" అని. నేను పైన పనిచేసేవాణ్ణి, నాకా అలవాటు లేదు.

కారు వెనక్కి వెళ్ళి చూశాను. ముందు సీటు ఖాళీ, పెడల్ మీద ఎవరి కాలూ లేదు. ఎడమ లైటు వెలిగి ఆరింది. కుడిది వెలిగి ఆరింది. మళ్ళీ ఎడమది.

బావ నా చెయ్యి పట్టుకుని వెనక అద్దంలోంచి కారు లోపలికి చూపించాడు. అమ్మ భుజం మీద బాపు తల కదులుతోంది. ఎడమకూ, కుడికీ, నెమ్మదిగా. లైట్లు ఆ తలతో పాటే నడుస్తున్నాయి. దగ్గు వచ్చి తల ఆగింది. లైట్లు ఆరిపోయాయి. దగ్గు తగ్గి తల మళ్ళీ కదిలింది. ఎడమ లైటు వెలిగింది.

నాకు భయం వేయలేదు. ఏడుపు వచ్చింది.

తలుపు తీశాను. బాపు కళ్ళు మూసుకునే ఉన్నాడు.

"రాత్రి నుంచి గిట్లనే తల ఆడిస్తుండు. నొప్పికేమో అనుకున్న" అంది అమ్మ.

"నొప్పికి కాదత్తా" అన్నాడు బావ. తర్వాత నా వైపు తిరిగి, "ఇంటికి తీస్కపో. నేను ఇయ్యాల డ్యూటీకి పోను" అన్నాడు.

తిప్పితే మళ్ళీ సూది ఉండదు. సూది లేకపోతే ఏమవుతుందో డాక్టరు చెప్పే ఉన్నాడు. వానలో చాలాసేపు నిలబడ్డాను. అమ్మ బాపు తల నిమురుతూ కూర్చుంది. కారు తిప్పాను.

దారి పొడవునా బావ వెనకే వచ్చాడు. లైట్లు మళ్ళీ ఊగలేదని చెప్పాడు. మా క్వార్టర్ ముందు నేను బ్రేకు వేస్తే రెండూ కలిసి వెలిగాయి, కలిసి ఆరాయి.

ఆ ఆదివారం బాపు తన మంచం మీదే పోయాడు. పాస్టరు గారు ప్రార్థన చేస్తున్నారు, అమ్మ చెయ్యి బాపు చేతిలో ఉంది. సమాధి పనులన్నీ అయ్యాక డిక్కీ విప్పి ఆ వైరు మొత్తం బయటికి లాగి చూశాను. ఎక్కడా తెగలేదు, కాలలేదు. ఒకటే వైరు. తర్వాత కూడా ఆ కారు చాలా ఏళ్ళు నడిపాను, లైట్లతో ఒక్కసారీ తిప్పలు పడలేదు.

కరీంనగర్ తీసుకెళ్ళి ఉంటే ఇంకొన్నాళ్ళు బతికేవాడని అన్నవాళ్ళు ఉన్నారు. నిజమే కావచ్చు. ఆ లైట్లు ఎలా వెలిగాయో కూడా నేను చెప్పలేను, చెప్పగలనన్న ఆశ కూడా పోయింది. నాకు తెలిసింది ఒకటే. బాపు ఆగమన్నాడు. నేను ఆగాను.